ఆల్ పాస్

పుళియంతోపులో వాటర్ క్యాన్ల డిపో మీద
రేకుల గది మాది.
ఎండాకాలం రాత్రి ఏడు దాటితే గాని లోపల కూర్చోలేం.
వానొస్తే నా గొంతు ఎవరికీ వినబడదు,
ఆ పూట పాఠం రేకులే చెబుతాయి.

చెంగల్రాయుడు మొదటిరోజు మెట్ల మీదే ఆగిపోయాడు.
చేతిలో జవుళిక్కొట్టు కవరు,
కవర్లో నాలుగు మడతల కాగితం.
పదో తరగతి షీటు. మార్కులుండాల్సిన గళ్ళన్నిట్లో
ఒకటే మాట: పాస్.
"రాయని పరీక్ష మిస్ ఇది" అన్నాడు.
"నేను పాసయ్యానా,
నా మీద ఎవరికో జాలేసిందా?"

నా దగ్గర జవాబు లేదు.
టీ పోసిచ్చాను.

ఊరంతా తలుపులేసుకున్న నెలల్లో
వాళ్ళమ్మ మునెమ్మ ఊరంతా ఊడ్చింది.
ఇంట్లో ఒక్కటే ఫోను, అదీ ఆమె హాజరుకి.
ఆమె ఇల్లు చేరాక ముగ్గురు పిల్లలూ వంతులేసుకుంటే
వీడి వంతొచ్చేసరికి డేటా అయిపోయేది.
నాన్న ఆస్పత్రికని డిపో ఓనరు దగ్గర పద్దెనిమిది వేలు.
నాన్న రాలేదు. అప్పు ఇంటికొచ్చింది.

అప్పట్నుంచీ మోస్తున్నాడు.
ఇరవై లీటర్లు, మూడో అంతస్తు, క్యానుకి ఐదు రూపాయలు.
లిఫ్టు పక్కన బోర్డు: సామాన్లకు కాదు.

నలభై మూడు క్యాన్లు, ఆరు వాపసు, తొమ్మిది బాకీ,
ఎంతరా అంటే
నేను వేలు మడిచేలోపే చెప్పేస్తాడు.
అదే లెక్క కాగితం మీద పెడితే
చెమటలు.
పెన్ను ఎక్కడ జారి పగిలిపోతుందో అన్నట్టు
మెడ దగ్గర బిగించి పట్టుకుంటాడు.
రెండు నెలలు మేం నేర్చుకున్నది అదొక్కటే,
వదులుగా పట్టుకోవడం.

డబ్బిచ్చే కంపెనీవాళ్ళు ఫారం పంపారు.
"ఎంతమంది కోలుకున్నారు?"
గడి బొటనవేలంత.
నవ్వుతున్న పిల్లల ఫొటో కూడా కావాలట.
రాయుడి పళ్ళు బాగుంటాయి గాని
వాడు అడిగితే నవ్వే రకం కాదు.
మూడు ఉత్తరాలు రాశాను, రెండుసార్లు గొంతు పెంచాను,
ఒకసారి, సిగ్గే, ఏడ్చాను.
చివరికి అప్పు సగం వాళ్ళు తీర్చారు.
మిగతా సగానికి
సాయంత్రం ఆరు తర్వాత పని చెప్పనని
ఓనరు నోటిమాట.
నోటిమాట చాలదని మునెమ్మ
వేలిముద్ర వేయించుకుంది, ఆయన చేత!
అంబత్తూరులో ఏసీ మెకానిక్ కోర్సుకి పేరిచ్చాం.
బస్సు చార్జీ ఎవరిస్తారో ఇంకా తేలలేదు.

సుగంధి పేరు రిజిస్టర్లో కొట్టెయ్యలేదు.
పదహారేళ్ళు. ఆరణి దగ్గర ఇచ్చేశారట.
బీజగణితం దానిలా చేసేవాళ్ళు మళ్ళీ రాలేదు.
అలవాటు తప్పి కాదు, కావాలనే
అప్పుడప్పుడు ఆ పేరు పిలుస్తాను.
ఎవరూ నవ్వరు.

మొన్న శనివారం రాయుడు అడిగాడు,
"పాత లెక్కల పేపరు ఒకటివ్వండి మిస్.
మూడు గంటలు. గడియారం పెట్టండి.
మీరు అటూ ఇటూ తిరగాలి, కాపీ కొడతానేమో అన్నట్టు."

తిరిగాను.
కింద క్యాన్లు దింపుతున్న దబదబలు.
తిరిగే ఫ్యానుకి ఎగిరే కాగితాన్ని
మోచేత్తో అదిమి రాశాడు.
రెండో గంటలో ఒకసారి తలెత్తి
గోడకేసి చూశాడు, గోడలో ఏదో గుర్తున్నట్టు.

ముప్ఫై ఎనిమిది.
ఎర్ర సిరాతో వేశాను.
అర మార్కు కూడా కలపలేదు,
కలిపితే కనిపెట్టేస్తాడు.

కవర్లోంచి కాగితం తీసి మడతలు విప్పాడు.
లెక్కలు. పాస్.
పక్కన పెన్సిల్‌తో, వదులుగా పట్టుకుని,
38 అని రాసుకున్నాడు.

"ఇంగ్లీషు వచ్చే వారం" అని
మెట్లు దిగిపోయాడు.
పొద్దున్న ఐదింటికి లోడు.